కాగితం తెల్లగా, గీత నల్లగా కనిపించాలంటే

ప్రశ్న: సార్, నేను పార్వతీపురం మన్యం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. బొమ్మలంటే మా పదో తరగతి పిల్లలకు భయం. పూర్తయిన బొమ్మ చూపిస్తే వెయ్యలేరు, ఒక్కో గీతా వేస్తూ చూపిస్తే వేస్తారు. అందుకని రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో టేబుల్ మీద డ్రాయింగ్ షీటు పెట్టి, పైన ఫోన్ అమర్చి, గుండె నిలువుకోత, నెఫ్రాన్ లాంటివి వేస్తూ వీడియో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. కానీ కాగితం బూడిద రంగులో మురికిగా కనిపిస్తోంది. నా చేయి లోపలికి రాగానే వెలుతురు పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. ఒక్కోసారి తెర మీద నల్లటి చారలు పాకుతుంటాయి. నా తల నీడో ఫోన్ నీడో బొమ్మ మీద పడుతూనే ఉంటుంది. క్లాసులో బోర్డు మీద వేసేటప్పుడు తీసినవైతే ఇంకా ఘోరం, సగం బోర్డు తళతళా మెరుస్తుంది. రింగ్ లైట్ కొంటే అన్నీ పోతాయంటున్నారు తోటి టీచర్లు. రెండు వేలు పెట్టి కొనమంటారా? నాది కుడిచేతి వాటం, ఫోన్ మామూలు ఆండ్రాయిడ్. ఒక వీడియో పంపుతున్నాను, చూడండి.

సమాధానం:

టీచర్ గారూ, రింగ్ లైట్ కొనకండి. ఈలోపే ఆర్డర్ పెట్టేస్తారేమోనని ఆ మాట ముందు చెప్పేస్తున్నాను. ఎందుకు వద్దంటున్నానో కిందికొచ్చాక చెబుతాను.

మీరు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. మీ చేయి బాగుంది. ఎడమ జఠరిక గోడ మందంగా ఎందుకుండాలో చెబుతూ, అక్కడ పెన్సిల్‌ని రెండోసారి తిప్పారు చూడండి, పిల్లలకు అందాల్సింది అదే. పుస్తకంలో అచ్చయిన బొమ్మ ఆ పని చెయ్యలేదు. కానీ సరిగ్గా అక్కడే మీ మణికట్టు ఫ్రేములోకి వచ్చింది. కాగితం ఒక్కసారి భగ్గున వెలిగి గీత పల్చబడిపోయింది, చేయి వెనక్కి వెళ్ళగానే మబ్బు కమ్మినట్టు మళ్ళీ చీకటైంది. మొదటిసారి చూసినప్పుడు ఆ గోడ నాకు కనపడనేలేదు. అందుకని దాంతోనే మొదలుపెడతాను.

కెమెరాకు ఎదురుగా ఉన్నది కాగితమని తెలీదు. దాని లెక్కల్లా ఒకటే: ఎదుటనున్నదంతా కలిపి చూస్తే నడిమి బూడిద రంగంత వెలుగు రావాలి. ఫొటోగ్రఫీలో దీన్ని 18 శాతం గ్రే అంటారు, అంటే మీద పడిన వెలుతురులో 18 శాతాన్ని తిప్పి పంపే రంగు. మనుషులు, చెట్లు, గోడలు అన్నీ కలిసిన మామూలు దృశ్యానికి ఈ లెక్క దాదాపు సరిపోతుంది. కానీ తెల్ల కాగితం 80 శాతం పైగా తిప్పి పంపుతుంది. వెలుతురు మరీ ఎక్కువైందనుకుని కెమెరా తగ్గించేస్తుంది, మీ తెల్ల షీటు బూడిద రంగుకి దిగిపోతుంది. అంతలో మీ చేయి వస్తుంది. మన చేతులు కాగితం కంటే చాలా ముదురు కదా, ఇప్పుడు చీకటైందనుకుని పెంచేస్తుంది. ఇప్పటి ఫోన్లు కొంత తెలివిగా సర్దుకుంటాయి గానీ ఫ్రేము నిండా తెల్ల కాగితమే ఉన్నప్పుడు అన్నీ ఇంచుమించు ఇలాగే తడబడతాయి. మీ ఫోన్ పాడవలేదు, మీ తప్పూ లేదు. ఆ నిర్ణయం ఫోన్ చేతిలోంచి మీరు తీసుకోవాలి, అంతే.

ఎలాగంటే, చేయి ఫ్రేములో లేకుండా చూసి, తెర మీద కాగితం నడిమధ్యన వేలు పెట్టి రెండు మూడు సెకన్లు అలాగే నొక్కి ఉంచండి. ఏఈ ఏఎఫ్ లాక్ అనో, చిన్న తాళం గుర్తో వస్తుంది. ఇక ఫోకస్సూ వెలుతురూ రెండూ కదలవు. పక్కనే సూర్యుడి బొమ్మ గాని, ప్లస్ మైనస్ ఉన్న గీత గాని కనపడుతుంది. దాన్ని మెల్లగా పైకి జరపండి. కాగితం బూడిద నుంచి తెలుపుకి వస్తుంది. అంకెలు చూపించే ఫోనైతే తెల్ల కాగితానికి సాధారణంగా ప్లస్ 0.7 నుంచి 1.3 మధ్య ఎక్కడో కుదురుతుంది.

ఎక్కడ ఆపాలన్నది చాలామంది కంటితో ఉజ్జాయింపుగా చూస్తారు. నేను చేసేది వేరే. షీటు మూలన, ఫ్రేము అంచులో పడేటట్టు, హెచ్‌బీ పెన్సిల్‌తో చాలా లేతగా, ఒత్తిడి పెట్టకుండా ఒక అంగుళం గీత గీస్తాను. బొమ్మకు ముందు మనం కొలతలకి వేసుకునే గీత ఉంటుంది చూడండి, అంత లేతగా. తర్వాత తెర వైపు చూస్తూ వెలుతురు పెంచుకుంటూ పోతాను. ఒక చోట ఆ గీత కాగితంలో కలిసిపోవడం మొదలెడుతుంది. అక్కణ్ణుంచి కాస్త వెనక్కి వచ్చి, గీత మళ్ళీ స్పష్టంగా కనపడగానే ఆపేస్తాను. బొమ్మలో అన్నిటికంటే లేత గీత ఏదైతే ఉందో అది కనపడుతుంటే మిగతావన్నీ కనపడతాయి. ఈ పద్ధతికి యాప్ అక్కర్లేదు, మీటర్ అక్కర్లేదు, ఏ ఫోన్లోనైనా పనిచేస్తుంది. రికార్డింగ్ మొదలుపెట్టిన ప్రతిసారీ మళ్ళీ లాక్ చెయ్యాలని మాత్రం గుర్తుంచుకోండి. మధ్యలో ఆపి మొదలుపెడితే చాలా ఫోన్లు లాక్ తీసేస్తాయి.

ఇంత చేశాక మీ చేయి కాస్త ముదురుగా కనపడొచ్చు. పర్వాలేదు, వదిలెయ్యండి. చెయ్యి అందంగా రావాలని వెలుతురు పెంచితే గీత చచ్చిపోతుంది. ఆ వీడియోలో పిల్లలు చూసేది గీతని.

ఇప్పుడు లైటు సంగతి. వీడియోలో నీడల్ని బట్టి మీ ట్యూబ్‌లైటు మీ వెనక గోడకి, కాస్త కుడివైపుగా ఉందని నాకనిపించింది. అది మీ తలని, కుడి భుజాన్ని దాటుకుని కాగితం మీదికి రావాలి. అందుకే ఎంత సర్దుకు కూర్చున్నా నీడ వదలదు. ఏమీ కొనకుండా మొట్టమొదట చెయ్యాల్సింది, టేబుల్‌ని తిప్పెయ్యడం. ట్యూబ్‌లైటు మీకు ఎదురుగా, ఎడమ చేతివైపుకి వచ్చేలా కూర్చోండి. కుడిచేత్తో వేసేవాళ్ళకి వెలుతురు ఎడమనుంచి వస్తే చేతి నీడ కుడివైపుకి, అంటే ఇంకా వెయ్యని వైపుకో, వేసేసి దాటిన వైపుకో పడుతుంది. పెన్సిల్ మొన దగ్గర నీడ ఉండదు. ఎడమచేతి వాటం వాళ్ళు దీనికి తిరగేసి చేసుకోవాలి. ఫోన్ నీడ కూడా దీంతోనే పోతుంది, ఎందుకంటే పైనుంచి నిట్టనిలువుగా దిగే వెలుతురుకే ఫోన్ అడ్డం. పక్కనుంచి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల వాలులో వచ్చే వెలుతురుకి అడ్డం రాదు.

కుదిరితే రాత్రి పని మానేసి ఆదివారం పగలు తియ్యండి. ఎండ నేరుగా పడని కిటికీ, ఉత్తరం వైపుదైతే మరీ మంచిది, మీ ఎడమకి వచ్చేలా టేబుల్ వేసుకుంటే అంత మంచి లైటు ఏ షాపులోనూ దొరకదు. మెత్తగా, వెడల్పుగా, చారలు లేకుండా ఉంటుంది. ఒక్క వానాకాలంలోనే ఇబ్బంది. మబ్బు వచ్చి పోతుంటే, మీరు లాక్ చేసి ఉంచారు కాబట్టి, బొమ్మ సగంలో ఉండగా కాగితం చీకటవుతుంది. అలాంటి రోజున కిటికీ మూసేసి కరెంటు లైటుతోనే పని కానివ్వండి. సగం కిటికీ వెలుతురు, సగం బల్బు వెలుతురు కలపొద్దు. షీటు ఒకవైపు నీలంగా, ఇంకోవైపు పసుపుగా తయారవుతుంది.

ఇక రింగ్ లైటు. అది మొహాల కోసం చేసింది. లెన్సు చుట్టూ ఉండి ఎదురుగా ఉన్న మొహం మీద నీడలు లేకుండా చేస్తుంది, ఆ పనికి మంచిదే. మీరు దాన్ని కాగితం మీద నిలువుగా వేలాడదీస్తారు. వెలుతురు ఏ వాలులో వచ్చి పడుతుందో అదే వాలులో అవతలికి తిరిగి వెళ్తుందని మీరే పిల్లలకి చెప్పి ఉంటారు. నిలువుగా దిగింది నిలువుగానే పైకి పోతుంది, అక్కడ మీ లెన్సు కూర్చుని ఉంటుంది. నున్నటి కాగితమైతే గుండ్రంగా తెల్లటి మచ్చ పడుతుంది. గరుకు షీటైతే మచ్చ కనపడదు గానీ పెన్సిల్ గీతలు మెరుస్తాయి. గ్రాఫైట్‌కి ఒక గుణం ఉంది, పక్కనుంచి చూస్తే నల్లగా ఉంటుంది, వెలుతురు తిరిగొచ్చే దారిలోంచి చూస్తే వెండిలా మెరుస్తుంది. ఎంత గట్టిగా, ఎంత ముదురుగా వేస్తే అంత మెరుస్తుంది.

ఇది నాకు అనుభవం. 2020లో బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ఛానళ్ళలో, తెలంగాణ ప్రభుత్వ విద్యా ఛానల్ టి-శాట్‌లో పాఠాలు వచ్చేవి గుర్తుందా. అప్పుడే చాలామంది టీచర్లు సొంతంగా తీసుకోవడం కూడా మొదలుపెట్టారు. నాకు తెలిసిన ఒక టీచర్ గారు కంటి నిర్మాణం బొమ్మ వేస్తే నేను తీశాను. నలభై నిమిషాల పని. పైన కట్టిన లైటు నిండుగా ఉంది, నీడ లేదు, ఇద్దరికీ తృప్తిగా అనిపించింది. సాయంత్రం చూసుకుంటే కటకం చుట్టూ ఆయన ఒత్తి వేసిన ముదురు గీతలన్నీ తెల్లగా మెరిసి కాగితంలో కలిసిపోయాయి. లేతగా వేసిన గీతలే మిగిలాయి. అంటే ముఖ్యమైనవన్నీ పోయి, ముఖ్యం కానివి మిగిలాయి. ఆయన ఏమీ అనలేదు, మర్నాడొచ్చి మళ్ళీ మొత్తం వేశారు. ఆయన రెండోసారి అదే ఓపికతో వెయ్యడం చూశాక, లైటు చూసుకోకుండా ఎవరిచేతా బొమ్మ వేయించకూడదని పట్టుదల వచ్చింది నాకు.

దీనికి చిన్న పరీక్ష ఉంది. బొట్టు పెట్టుకునే చిన్న అద్దం తీసుకుని కాగితం మీద, బొమ్మ వచ్చే చోట వెల్లకిలా పెట్టండి. ఫోన్ తెరలో ఆ అద్దంలోకి చూడండి. అద్దంలో లైటు కనపడితే ఆ చోట గీత మెరుస్తుంది. అద్దాన్ని నాలుగు మూలలకీ జరిపి చూడండి. ఎక్కడా లైటు కనపడకుండా, ఫోనూ ఇంటి కప్పూ మాత్రమే కనపడుతుంటే మీ లైటు సరైన చోట ఉన్నట్టు. అర నిమిషం పని. పరీక్షలో పిల్లలు పెన్సిల్‌తోనే వెయ్యాలి కాబట్టి మీరూ పెన్సిల్‌తోనే చూపించాలనుకోవడం న్యాయమే. అయితే హెచ్‌బీ గట్టిగా ఒత్తే బదులు 2బీ వాడండి, ఒత్తకుండానే నల్లగా పడుతుంది. పేర్లు రాయడానికి, బాణం గీతలకి నల్ల పెన్ను వాడితే మెరుపు సమస్యే ఉండదు.

రెండు వేలు మిగిలాయి కదా, అందులో వందా రెండొందలు ఖర్చు పెట్టించనివ్వండి. ట్యూబ్‌లైటు ఒక్కటే చాలకపోతే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి, దానికో హోల్డరు, ఒక థర్మకోల్ షీటు. బల్బు ఎడమవైపు ముందుకి, కుర్చీకో స్టూలుకో కట్టండి. నేరుగా బల్బు వెలుతురు పడితే నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. బల్బుకీ కాగితానికీ మధ్య, బల్బుకి కనీసం అడుగు దూరంలో, పల్చటి తెల్ల పంచె ఒక మడత వేలాడదీయండి, లేదా ట్రేసింగ్ పేపర్ కట్టండి. బల్బుకి తగిలేలా మాత్రం గుడ్డ కప్పొద్దు. ఇప్పుడు వెలుతురు బల్బంత చోటు నుంచి కాకుండా పంచె అంత వెడల్పు నుంచి వస్తుంది. నీడ అంచు చెదిరిపోయి మెత్తబడుతుంది. థర్మకోల్ షీటుని కుడివైపు, ఫ్రేములోకి రాకుండా, కాగితం పక్కన నిలబెట్టండి. ఎడమనుంచి వచ్చిన వెలుతురుని అది తిరిగి పంపి చేతి నీడని లేత చేస్తుంది. మన సినిమా షూటింగుల్లో మొహం మీదికి వెలుతురు మళ్ళించడానికి చేత్తో పట్టుకుని నిలబడే తెల్ల అట్ట ఇదే.

సత్యజిత్ రాయ్ దగ్గర పనిచేసిన ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర 1950ల మధ్యలో చేసిన పని ఒకటి ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. కాశీలో ఒక పాత ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్టు వేశారు. ఆకాశం నుంచి నాలుగు గోడల మధ్యకి మెత్తగా దిగే వెలుతురు కావాలి. స్టూడియో లైట్లు నేరుగా వేస్తే నీడలు గట్టిగా పడి మోసం తెలిసిపోతుంది. ఆయన సెట్టు పైన తెల్ల గుడ్డ కట్టించి, లైట్లని కిందికి కాకుండా ఆ గుడ్డ వైపుకి తిప్పి, దాని మీద పడి వచ్చిన వెలుతురుతో చిత్రీకరించారు. అంత పెద్ద కెమెరామన్ వాడిన సామాను తెల్ల గుడ్డ. మీ ఇంట్లో పంచె ఉంది కదా.

బల్బుని కాగితానికి దగ్గరగా జరిపితే వెలుతురు బాగా వస్తుందనిపిస్తుంది. నిజమే, కానీ ఒకవైపే వస్తుంది. వెలుతురు దూరాన్ని బట్టి చాలా వేగంగా పల్చబడుతుంది. ఏ4 షీటు అడ్డంగా పెడితే దాదాపు అడుగు వెడల్పు. బల్బు ఎడమ అంచుకి అడుగు దూరంలో ఉంటే కుడి అంచు రెండడుగుల దూరం, అక్కడ పడేది సగం కాదు, నాలుగో వంతు. మీ గుండె బొమ్మలో పేజీకి ఎడమవైపున్న కర్ణిక, జఠరిక తెల్లగా వెలిగి, అవతలివి చీకట్లో ఉంటాయి. అదే బల్బుని మూడడుగుల దూరానికి జరిపితే కుడి అంచు నాలుగడుగులవుతుంది, అక్కడ సగానికి పైనే పడుతుంది. మిగతాది థర్మకోల్ చూసుకుంటుంది. దూరం జరిపినందుకు మొత్తం వెలుతురు తగ్గుతుంది, అది ఫోన్లో సర్దుకోవచ్చు. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువైతే ఫోన్లో సర్దలేం.

చారల గురించి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాంతో వెలిగే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి, కంటికి తెలియదంతే. ఫోన్ సెన్సరు బొమ్మని ఒకేసారి తీసుకోదు, వరస వెంట వరస చదువుకుంటూ వెళ్తుంది. షట్టరు, అంటే ఒక్కో వరస వెలుతురు పట్టే సమయం, మరీ వేగంగా ఉంటే కొన్ని వరసలు లైటు హెచ్చినప్పుడు, కొన్ని తగ్గినప్పుడు పడతాయి. ఆ తేడాయే మీకు చారలుగా కనపడుతోంది. షట్టరు సెకనులో 1/50 గాని 1/100 గాని ఉంటే ప్రతి వరసకీ హెచ్చూ తగ్గూ పూర్తిగా కలిసే వస్తాయి, చారలు పోతాయి. మీ ఫోన్లో ప్రో వీడియో, అంటే ఇవన్నీ మనమే పెట్టుకునే మోడ్, ఉంటే షట్టరు 1/50 పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సరు ఎంత స్పందించాలో చెప్పే అంకె) 400 దాటకుండా వెలుతురు సర్దుకోండి. లేకపోతే ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది, అందులోనూ, కొన్ని ఫోన్ల సెట్టింగుల్లోనూ చారలు రాకుండా 50 హెర్ట్జ్ ఎంచుకునే వీలుంటుంది. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిచ్చిన ఫోనైతే అది 60కి పెట్టి ఉందేమో తప్పక చూడండి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆదివారం తెలుగు క్లాసులు చెబుతూ అక్షరాలు రాసి వీడియో తీసేవాళ్ళు 1/60, 1/120 వాడాలి.

ఏ బల్బు మంచిదో తెలుసుకోవాలంటే దాని కింద పెన్సిల్ పట్టుకుని గబగబా అటూ ఇటూ ఊపి చూడండి. మసగ్గా ఒక విసనకర్రలా కనపడితే మంచి బల్బు. విడివిడిగా పది పెన్సిళ్ళు కనపడితే ఆ బల్బు బాగా కొట్టుకుంటోందన్నమాట, దాన్ని వరండాలో వాడుకోండి.

ఇంకొకటి, మీ వీడియోలో నాలుగో నిమిషం దగ్గర కాగితమంతా గబగబా రెప్పలార్పినట్టయింది. అది చారల సంగతి కాదు, మీ సీలింగ్ ఫ్యాను. రెక్కలు లైటుకీ కాగితానికీ మధ్య తిరుగుతున్నాయి. ఏ సెట్టింగూ దాన్ని ఆపదు. రికార్డింగ్ సేపు ఫ్యాను ఆపి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టుకోండి, మీ గొంతు కూడా శుభ్రంగా వినపడుతుంది. మే నెలలో ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే బొమ్మని ఐదేసి నిమిషాల ముక్కలుగా తియ్యమంటాను.

రంగుల దగ్గర ఒక జాగ్రత్త. గుండె కుడిభాగం నీలం, ఎడమభాగం ఎరుపు నింపుతారు కదా. ఎరుపు నింపుతూ పోయేకొద్దీ ఫ్రేములో ఎరుపు ఎక్కువైందని ఫోన్ రంగులు దిద్దడం మొదలుపెడుతుంది, కాగితం మెల్లమెల్లగా నీలం వైపుకో పచ్చ వైపుకో జరుగుతుంది. వెలుతురు లాక్ చేసినా కొన్ని ఫోన్లలో రంగు లాక్ కాదు. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ని, అంటే తెలుపు ఏదో నిర్ణయించే సెట్టింగుని, ఆటో నుంచి తీసి ఒకచోట నిలబెట్టండి. పసుపు బల్బు వాడకండి, దాని కింద నీలం స్కెచ్ పెన్ను నల్లగా కనపడుతుంది, పిల్లలు సిరనీ గీతనీ తేడా పట్టలేరు. తెల్ల ఎల్‌ఈడీయే వాడండి. సెల్ఫీలు తీసే ముందువైపు కెమెరాతో మాత్రం ఎప్పుడూ తియ్యకండి. కొన్ని ఫోన్లలో అది అద్దంలోలా తిరగేసి రికార్డు చేస్తుంది. గుండె బొమ్మలో కుడి ఎడమలు తారుమారైతే ఎంత అనర్థమో మీకు నేను చెప్పక్కర్లేదు.

బోర్డు సంగతికొస్తే, అక్కడ అంతా తలకిందులు. నల్లబోర్డు చూసి చీకటనుకుని ఫోన్ వెలుతురు పెంచేస్తుంది. బోర్డు బూడిదరంగుకి వస్తుంది, సుద్దగీతలు లావెక్కి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అక్కడ లాక్ చేసి కిందికి, మైనస్ 0.7 దాకా జరపండి. ఫ్రేములో బోర్డు పక్క కిటికీ కనపడితే ఇంకో గొడవ, కిటికీ వెలుగు చూసి బోర్డుని పూర్తిగా చీకటి చేసేస్తుంది. ఫ్రేము బోర్డు వరకే పెట్టండి, బోర్డుకి ఎదురుగా ఉన్న కిటికీ తలుపులు మూసి, పక్కవి తెరిచి ఉంచండి. మెరుపు పోవాలంటే ఫోన్‌ని బోర్డుకి ఎదురుగా కాకుండా నాలుగడుగులు పక్కకి జరిపి చూడండి, చాలావరకు అదే పోతుంది. పాఠానికి ముందు డస్టర్‌తో కాక తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. సుద్దపొడి పేరుకున్న బోర్డు ఎప్పుడూ నల్లగా రాదు. మన చిన్నప్పుడు శనివారాలు పిల్లలందరం కలిసి బొగ్గూ ఆకుపసరూ రుద్ది బోర్డు నల్లగా చేసేవాళ్ళం, అప్పుడు సుద్దగీత ఎంత తెల్లగా పడేదో మీకూ గుర్తుండే ఉంటుంది. సుద్దముక్కల్లో తెలుపు, పసుపు వాడండి. ఎరుపు, ముదురు నీలం సుద్దలు బోర్డు మీద దాదాపు కనపడవు, వీడియోలోనే కాదు, చివరి బెంచీకి కూడా.

ఆ మాటకొస్తే, ఫోన్‌కి మెరుపు కనపడిన చోట కూర్చునే పిల్లలకీ ఆ మెరుపే కనపడుతుంది. ఒక రోజు క్లాసయ్యాక, బోర్డు మీద బొమ్మ అలాగే ఉంచి, కిటికీకి అవతలివైపు మొదటి బెంచీలో చివరన కూర్చుని చూడండి. ఏడాదంతా అక్కడ కూర్చున్న పిల్ల పక్కదాని నోట్సు చూసి ఎందుకు వేసుకుంటోందో తెలుస్తుంది.

పంపే ముందు ఇంకొక్కటి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది బాగా కుదించేస్తుంది, మొదట పోయేవి లేత గీతలే. అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి, తీసింది తీసినట్టు వెళ్తుంది. డేటా ఎక్కువ పడుతుంది కాబట్టి, ముందు చెప్పినట్టు ఐదు నిమిషాల ముక్కలైతే పిల్లలకీ సులువు.

ఈ ఆదివారం నెఫ్రాన్ వేస్తానన్నారు. మొత్తం బొమ్మ మొదలుపెట్టకముందు ఒక్క బౌమన్ గుళిక మాత్రం వేసి ఇరవై సెకన్లు తియ్యండి. దాన్ని మీ ఫోన్లో చూడకండి. మీ క్లాసులో అన్నిటికంటే పాత ఫోన్ ఎవరింట్లో ఉందో మీకు తెలిసే ఉంటుంది, పగిలిన తెరతో, ఛార్జింగ్ అయిపోతుందని వెలుతురు తగ్గించి పెట్టుకునే ఫోన్. ఆ అబ్బాయికి పంపి, ఇంటి బయట అరుగు మీద కూర్చుని చూడమనండి. గుళిక లోపల మీరు వేసిన రక్తకేశనాళికల గుచ్ఛంలో ఎన్ని మెలికలున్నాయో లెక్కపెట్టి చెప్పమనండి. సరిగ్గా చెబితే మిగతా బొమ్మ వెయ్యండి. తప్పు చెబితే ఆ ఇరవై సెకన్ల ముక్క నాకు పంపండి, ఎక్కడ పోతోందో చూసి చెబుతాను.